ఒకే గోడ మీద రెండు భిలాయ్‌లు

ఉత్తరాంధ్రలో భిలాయ్ చుట్టం లేని ఊరు అరుదు. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, పాలకొండ... ఏ వీధిలో అడిగినా ఉక్కు ప్లాంటులో డ్యూటీ చేసి రిటైరయిన ఒక బాబాయో పెదనాన్నో తేలతారు. మా ఇంటికి ఆ చుట్టం అమ్మ పినతల్లి కొడుకు. నాకు మావయ్య వరస. 1958లో, ఇంకా కొలిమి వెలగకముందే, ఆయన తండ్రి కూలిపనికని పెళ్లాం బిడ్డల్ని వెంటబెట్టుకుని భిలాయ్ వెళ్లారు. మావయ్యకి అప్పుడు ఐదేళ్లు. పెద్దయ్యాక అదే ప్లాంటులో బోర్డులు రాసే పెయింటరుగా చేరారు. యంత్రాల మీద నంబర్లు, దారి చూపే బాణాలు, హెల్మెట్ లేకుండా లోపలికి రావద్దన్న హెచ్చరికలు, అన్నీ హిందీలో, అన్నీ గజం ఎత్తు అక్షరాల్లో. సర్వీసంతా ప్లాంటు చెప్పింది రాసిన మనిషి, రిటైరయ్యాక తనకు తోచింది వేయడం మొదలుపెట్టారు.

మొన్న ఫిబ్రవరిలో ఫోన్ చేశారు. "మా పాత క్వార్టరు పక్కింటి పాప ఫొటోలు తీస్తాది కదా, నా బొమ్మలూ దాని ఫొటోలూ కలిపి వాళ్లింట్లో తగిలిస్తన్నాం. వాళ్ల నాన్న రిటైరయిపోనాడు. నెలాఖరుకి క్వార్టరు అప్పజెప్పీయాలి. ఈలోగా వచ్చి చూసి పోమ్మా" అన్నారు.

బయల్దేరాను. విశాఖపట్నం–దుర్గ్ వందేభారత్ 2024 సెప్టెంబరులో మొదలయ్యాక ఈ ప్రయాణం ఒక్క పూటలో తేలిపోతోంది. మధ్యాహ్నం విజయనగరంలో ఎక్కితే రాత్రి పదకొండు దగ్గరికి దుర్గ్. మావయ్య వాళ్ల నాన్న నాటికి ఇదే దారి ఒక పగలూ ఒక రాత్రీ. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే వాళ్లు రాయ్‌పూర్‌ని విజయనగరంతో కలిపే ఈ లైనును 1931కి పూర్తిచేశారు. పార్వతీపురం దాటగానే కొండలు దగ్గరకొస్తాయి. రాయగడ దగ్గర నాగావళి కనిపిస్తుంది. ఆ తర్వాత టిట్లాగఢ్, కాంటాబాంజీ. కాంటాబాంజీ ప్లాట్‌ఫారం మీద మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో జనం కనిపించారు. బలాంగీర్ జిల్లా పేదలు ఏటా ఇటుక బట్టీల పనికి తెలంగాణకీ ఆంధ్రాకీ వెళ్లేది ఈ స్టేషన్ నుంచే. మనవాళ్లు ఒకప్పుడు పనికోసం ఉత్తరానికి వెళ్లిన పట్టాల మీదే ఇప్పుడు వాళ్లు పనికోసం మన వైపు వస్తున్నారు. మన రైల్వేకి పట్టాలు ఎక్కువగా చేసి ఇచ్చేది భిలాయే అని తెలిసి కూర్చుంటే, ఆ దారి మీద చూపు ఇంకోలా పడుతుంది. ఇవాళ అక్కడ 260 మీటర్ల పొడుగు పట్టాను ఒకే ప్యానెల్‌గా తయారుచేసి పంపుతున్నారు.

రాయ్‌పూర్ దాటాక ఎడమవైపు కిటికీ పట్టుకుని కూర్చున్నాను. చీకట్లో ముందు చిమ్నీల మీది ఎర్ర దీపాలు, తర్వాత వరసగా షెడ్లు, ఆవిరి, మళ్లీ షెడ్లు. ప్లాంటు చాలాసేపు సాగింది. పక్కసీటు పెద్దాయన తల ఎత్తకుండానే "భిలాయ్" అన్నాడు. ఈ రైలు భిలాయ్‌లో ఆగదు. దుర్గ్‌లో దిగి వెనక్కి రావాలి.

మర్నాడు పొద్దున్నే మావయ్య స్కూటర్ మీద సెక్టార్లలోకి తీసుకెళ్లారు. భిలాయ్ టౌన్‌షిప్‌లో వీధులకు పేర్లు లేవు. సెక్టార్ నంబరు, వీధి నంబరు, క్వార్టరు నంబరు, అంతే. అయినా ఇంత నీడ ఉన్న పారిశ్రామిక పట్టణాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. చెట్లన్నీ ప్లాంటు వయసువే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నాలుగేళ్లలో ఇక్కడ ఒక పట్టణం లేచింది. దేశంలోని అన్ని మూలల నుంచీ మనుషులు వచ్చి అందులో చేరారు. ఇవి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతులే. మావయ్య వాళ్లింట్లో భిలాయ్ కథ ఎప్పుడూ అక్కడే మొదలయ్యేది.

క్వార్టరు తలుపు తీసే ఉంది. లోపల సామానంతా కట్టేశారు. వంటింట్లో మాత్రం టీ గిన్నె, నాలుగు గ్లాసులు. ముందుగది, పడగ్గది, వెనక వరండా మూడింటా గోడల నిండా బొమ్మలూ ఫొటోలూ ఉన్నాయి. కొత్త మేకులు కొట్టలేదు. పాత క్యాలెండర్లు, దేవుడి పటాలు, గడియారం వేలాడిన మేకులకే తగిలించారు. అందుకే కొన్ని మరీ ఎత్తున, కొన్ని తలుపు చాటున. పటాలు తీసేసిన చోట గోడ రంగు ముదురుగా మిగిలిపోయింది. ఆ ముదురు చదరం మీద ఒక చిన్న ఫొటో పెడితే, చుట్టూ పాత పటం అంచు కనిపిస్తూ ఉంది. వచ్చిన వాళ్లంతా ఇరుగుపొరుగే. ఒక బెంగాలీ టీచరమ్మ, ఇద్దరు మలయాళీ నర్సులు, మన తెలుగువాళ్లు చాలామంది, ఇంటివాళ్ల తరఫు ఛత్తీస్‌గఢీ బంధువులు. సివిక్ సెంటర్‌లో నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఊళ్లో కళాకారుల ప్రదర్శనలు అక్కడే జరుగుతాయి. అయినా ఇది ఇంట్లోనే పెట్టాలని పట్టుబట్టింది ఫొటోలు తీసిన అమ్మాయేనట.

ముందు మావయ్య బొమ్మలు చూశాను. ఆయన కాన్వాసు వాడరు. హార్డ్‌బోర్డు మీద ఎనామిల్ పెయింటు. అక్షరాలు రాసిన వెడల్పు బ్రష్షుతోనే ఆకాశాన్నీ గోడల్నీ ఒకే లాగుడులో లాగేస్తారు. అంచులు కత్తిరించినట్టుంటాయి. మనుషులు మాత్రం చిన్న బ్రష్షుతో, ఓపిగ్గా. రష్యన్ కాంప్లెక్స్ దగ్గర జామకాయలు బేరమాడుతున్న రష్యా ఆవిడ. షిఫ్టు మారే వేళ మెయిన్ గేటు నుంచి వరదలా వచ్చే సైకిళ్లు. సంక్రాంతికి క్వార్టరు ముందు ముగ్గు వేస్తుంటే గోడ మీంచి తొంగిచూసే పంజాబీ పిల్లలు. వాటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒకటుంది. రాత్రి, వెనకపెరడు, తీగ మీద తెల్లచీరలు. దూరంగా కరిగిన చిట్టెం పారబోస్తున్నారు. ఆకాశం సగం ఎర్రబడింది. ఆ వెలుతురు చీరల మీద పడి, తెల్లచీరలు గులాబీ రంగుకి తిరిగాయి. మా చిన్నమ్మమ్మ ఒక చీర కొంగు పట్టుకుని తీగ మీంచి లాగుతోంది, గాలి ప్లాంటు వైపు నుంచి తిరిగిందనీ నుసి పడుతుందనీ. ఆమె ముఖం కనిపించదు. ఆ భుజం వంపు చూసి గుర్తుపట్టాను. మా అమ్మ బట్టలు తీసేటప్పుడూ సరిగ్గా అదే వంపు.

ఫొటోలు తీసిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లది ఇక్కడి ఊరే. ప్లాంటు కోసం, టౌన్‌షిప్ కోసం ఊళ్లకు ఊళ్ల భూములు తీసుకున్నప్పుడు వాళ్ల కుటుంబం పొలమూ పోయింది. రుఆబాంధా, మరోదా, రిసాలీ, ఈ పేర్లు ఇప్పుడు కాలనీలకూ సెక్టార్లకూ ఉన్నాయి. ఒకప్పుడు అవి పల్లెలు. భూమి పోయిన తాతకి కొన్నేళ్లకు ప్లాంటులో పని దొరికింది. ఆయన కొడుకు క్రేన్ ఆపరేటరయ్యాడు. ఇప్పుడు రిటైరయింది ఆయనే. తాత ఇంకా ఉన్నాడు. ఎనభై దాటినా చెవులు బాగా పనిచేస్తాయి.

ఆ అమ్మాయి చేసిన పని ఇదీ. తాతని వెంటబెట్టుకుని టౌన్‌షిప్ అంతా తిరిగింది. "మన కళ్లం ఎక్కడుండేది? మన బావి ఎక్కడ? మారేడు చెట్టెక్కడ?" అని అడిగింది. ఆయన నడిచి వెళ్లి ఎక్కడ నిలబడితే అక్కడ ఫొటో తీసింది. ఒకదాంట్లో తాత బస్‌స్టాపు షెడ్డు కింద నిలబడి ఉన్నాడు. అది కళ్లం. ఒకదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్కన. అది బావి. ఒకదాంట్లో నాలుగు దార్ల కూడలి నడుమ, చేతిలో మడిచిన గొడుగుతో నేలను చూపిస్తూ. స్కూటర్లు ఆయనని తప్పించుకుని పోతున్నాయి. అది గట్టు. ఆయన పొలానికీ తమ్ముడి పొలానికీ మధ్య గట్టు. నలుపు తెలుపు కాదు, మామూలు రంగుల ఫొటోలే. పాతదనం పూయాలని ఎక్కడా ప్రయత్నించలేదు. నాకు అది చాలా నచ్చింది. జ్ఞాపకం అనగానే మన ఫొటోగ్రాఫర్లు గోధుమరంగు పులిమేస్తారు. ఈ అమ్మాయి మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసింది. అయినా తాత నిలబడ్డ తీరు చూస్తే చాలు, అక్కడ బావి ఉందని మనం నమ్ముతాం.

మధ్యాహ్నం దాటాక తాత ముందుగదిలోకి వచ్చాడు. మావయ్య వేసిన పెద్ద బొమ్మ ముందు ఆగాడు. 1958లో మావయ్య వాళ్లు దిగిన రోజు అది. ఎర్రటి ఖాళీ నేల. చెట్టు లేదు, గడ్డి లేదు. దూరంగా కొత్త క్వార్టర్లు వరసగా. నడుమ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్న మనిషి, వెనక పిల్లాణ్ణి నడిపిస్తున్న ఆడమనిషి. మావయ్య తన బొమ్మలన్నిటిలోకీ దీన్నే ప్రాణంగా చూసుకుంటారు. తాత చాలాసేపు చూసి, హిందీలో నెమ్మదిగా అన్నాడు. "ఇక్కడ ఖాళీ లేదు బాబూ. కోదో వేసేవాళ్లం."

కోదో అంటే మన ఆరికలు. గదిలో మాటలు ఆగిపోయాయి. మావయ్య గొంతు సర్దుకుని "నేను చూసినప్పుడు ఖాళీయే కాకా" అన్నారు. "నువ్వు వచ్చేసరికి బుల్‌డోజర్ వచ్చి పోయింది" అన్నాడు తాత. కోపంగా కాదు. పొరుగువాడికి దారి చెప్పినట్టు చెప్పాడు.

నేను అంత దూరం వెళ్లినందుకు దొరికింది అదే. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఐదేళ్ల పిల్లాడు చూసింది ఖాళీ నేలే. దాని మీదే వాళ్ల ఇంట్లో మొదటిసారి నెలజీతం, కరెంటు దీపం, బడి, ఆసుపత్రి వచ్చాయి. ఆ నేల ఖాళీగా ఉందనుకోకపోతే ఆ సంతోషాన్ని పూర్తిగా అనుభవించడం కష్టం. తాతకి అదే ఏడాది ఊరు పోయిన ఏడాది. మన తెలుగువాళ్ల భిలాయ్ కథల్లో ఈ రెండోది నేను ఎన్నడూ వినలేదు. మావయ్య ఇంట్లో వినలేదు, బొబ్బిలిలో వినలేదు. స్థానికులు మొదట్లో ప్లాంటంటే భయపడ్డారనీ, పనులు ఎక్కువగా బయటివాళ్లకు దక్కాయనీ, 1990ల నుంచి ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి అధ్యయనం చేసిన లండన్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ వివరంగా రాశాడు. అది పుస్తకంలో చదివినప్పుడు సమాచారం. ఆ గదిలో ఆ ఇద్దరు ముసలివాళ్లు ఒక బొమ్మ ముందు నిలబడి మాట్లాడుకుంటుంటే నా గుండెకి తగిలింది.

మావయ్య బొమ్మను దించలేదు, దిద్దలేదు. కాసేపటికి వరండాలోంచి గొడుగు పట్టుకున్న తాత ఫొటో ఒకటి తెచ్చి, పెద్ద బొమ్మ పక్కనే, రెండూ ఒకదానికొకటి ఆనేలా పెట్టారు. మేకు లేదు. కింద కుర్చీ వేసి దాని మీద నిలబెట్టారు. ఆ జత ప్రదర్శన మొత్తానికీ నడిబొడ్డు.

బొమ్మలూ ఫొటోలూ కలిసి పనిచేయడం మన దేశంలో కొత్తేమీ కాదు. 1943 కరువులో చిత్తప్రసాద్, సునీల్ జానా కలిసి బెంగాల్ పల్లెలు తిరిగారు. ఒకరు గీశారు, ఒకరు కెమెరాతో తీశారు. చిత్తప్రసాద్ తెచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టింది. అవతల జర్మనీలో బెర్న్‌ట్ బెహర్ అనే కుర్రాడు తమ ప్రాంతపు గని కట్టడాన్ని పెన్సిలుతో గీస్తుంటే, గీయడం పూర్తికాకముందే దాన్ని కూల్చడం మొదలైంది. అందుకని కెమెరా పట్టాడు. 1959 నుంచి తోటి ఫొటోగ్రాఫర్ హిల్లాతో కలిసి జీవితాంతం బ్లాస్ట్ ఫర్నేసులూ నీళ్లట్యాంకులూ ఫొటోలు తీశాడు. భిలాయ్‌లో మొదటి కొలిమి వెలిగిన ఏడాదే అది. వాళ్ల ఫొటోల్లో మనుషులు ఉండరు. ఆకాశం కూడా ఎప్పుడూ బూడిదరంగే. గొప్ప పని అది, కాదనను. కానీ కొలిమి పక్కన తెల్లచీర ఆరేసుకున్న ఇల్లాలి సంగతి చెప్పడానికి అది చాలదు. దానికి మావయ్యలాంటివాడు కావాలి. చూసినప్పుడు ఆయన చేతిలో కెమెరా లేదు, కొనే స్తోమత లేదు. ఆ రాత్రి ఇప్పుడు ఆయన చెయ్యి గుర్తుపెట్టుకున్నంతే ఉంది.

అన్ని జతలూ అంత బాగా కుదరలేదు. మావయ్య గీసిన చోటునే ఆ అమ్మాయి అదే కోణంలో వెతికి తీసిన ఫొటోలు కొన్ని ఉన్నాయి. అప్పుడు, ఇప్పుడు అన్నట్టు. అవి పత్రికల్లో వచ్చే రకంవే. చూడగానే అయిపోతాయి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పజెప్పకుండా, ఎవరి చోటు నుంచి వాళ్లు మాట్లాడిన చోటే బలం. ఆ మాటే వాళ్లకు చెప్పాను. ఆ అమ్మాయి "దీదీ, నాకూ అనిపించింది, అంకుల్ బాధపడతారని తీసేయలేదు" అంది. మావయ్య నవ్వి "నువ్వు బాధపడతావని నేనూ తీసేయలేదు" అన్నారు. సాయంత్రానికి వాటిలో కొన్ని దిగిపోయాయి.

మర్నాడు ముగ్గురం పవర్‌హౌస్ స్టేషన్ వైపు వెళ్లాం. 1992 జూలై 1న ఆ పట్టాల మీద బైఠాయించిన కాంట్రాక్టు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని నెలల ముందే, 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగీని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. అదీ భిలాయ్‌లోనే. ఆ రోజులు మావయ్యకి బాగా గుర్తున్నాయి. కానీ ఆయన బొమ్మల్లో ఆ స్టేషన్ ఎక్కడా లేదు. ఎందుకని అడిగాను. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాక చెప్పారు. "మేం పర్మినెంటు వాళ్లం కదమ్మా. ఆ గొడవ మనది కాదనుకున్నాం."

పట్టాలకు అవతల వైపు ఖుర్సీపార్. తెలుగు మాట ఎక్కువగా వినిపించే చోటు అది. సెక్టార్లలో ఉన్న మనవాళ్లు ప్లాంటు ఉద్యోగులు. ఇక్కడున్న మనవాళ్లలో చాలామంది కాంట్రాక్టు కూలీలు, రిక్షా లాగినవాళ్లు, చిన్న ఫ్యాక్టరీల్లో చేసినవాళ్లు. వాళ్ల ఊళ్లూ అవే. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి. ఒకే రైలు దిగినవాళ్లే. సెక్టారు నీడ వీళ్ల ఇళ్ల మీద పడలేదు, అంతే. 1980ల్లో ప్లాంటు పర్మినెంటు ఉద్యోగులు అరవై వేలు దాటారు. ఆ సంఖ్య తర్వాత సగానికంటే తక్కువకు పడిపోయింది. పని తగ్గలేదు. చేసేవాళ్ల పేర్లు రిజిస్టరు మారాయి. భిలాయ్ జ్ఞాపకం అంటే సెక్టార్ల జ్ఞాపకం మాత్రమే అయితే, అది జీతం స్లిప్పు ఉన్నవాళ్ల జ్ఞాపకం. తాత ఫొటో లేని మావయ్య బొమ్మ ఎలా సగమో, ఖుర్సీపార్ లేని ఈ ప్రదర్శన కూడా అలా సగమే. ఈ మాట ఇద్దరితో గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి ఆ పూటే అక్కడ కెమెరా బయటికి తీసింది. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ మాది గరివిడి దగ్గర అని చెప్పి, ఫొటో వద్దంది, టీ ఇచ్చింది. ఆమె వద్దంటే కెమెరా మూసేసింది ఆ పిల్ల. దాని మీద నాకు గౌరవం పెరిగింది.

తిరిగి వచ్చే ముందు సాయంత్రం మైత్రీబాగ్ వెళ్లాం. 1972లో భారత్–సోవియట్ స్నేహానికి గుర్తుగా పెట్టిన తోట, జంతుప్రదర్శనశాల అది. తెల్లపులుల ముందు పిల్లల గోల. ఎవరిని అడిగినా ఇక్కడ తీయించుకున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉందన్నారు. మా అమ్మ దగ్గరా ఒకటుంది. వెనక ఏమీ రాసి లేదు. ఏ ఏడాదో, పక్కనున్న ఇద్దరు పిల్లలు ఎవరో మావయ్యని అడిగితే వెంటనే చెప్పేశారు.

క్వార్టరు మార్చి మొదట్లో అప్పజెప్పేశారు. బొమ్మలూ ఫొటోలూ సుపేలా అవతల మావయ్య కట్టుకున్న ఇంట్లో ఉన్నాయి. మావయ్య స్టేషన్ బొమ్మ మొదలుపెట్టారు. హార్డ్‌బోర్డు సరిపోక రెండు ముక్కలు కలిపి వేస్తున్నారట. ఈ ప్రదర్శనను బొబ్బిలికీ పార్వతీపురానికీ తేవాలని మేం ప్రయత్నిస్తున్నాం. తాత ఫొటోల కింద తెలుగులో నాలుగు మాటలు రాసే పని నాది.

ఇది చదివేవాళ్లలో భిలాయ్ చుట్టాలున్నవాళ్లు చాలామంది ఉంటారు. మీ ట్రంకుపెట్టెల్లో, బీరువాల్లో అక్కడి ఫొటోలు ఉంటాయి. క్వార్టరు ముందు నిలబడినవి, ప్లాంటు గేటు దగ్గరివి, ఖుర్సీపార్ గుడిసె ముందువి. వాటిని పారేయకండి. పెద్దవాళ్లు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ఫొటో వెనకా పెన్సిలుతో చోటు, ఏడాది, అందులో ఉన్న ప్రతి మనిషి పేరూ రాయించండి. చోటు పేరు రాసేటప్పుడు సెక్టారు నంబరుతో ఆపకండి. అంతకుముందు అక్కడ ఏ ఊరు ఉండేదో తెలిస్తే అదీ రాయండి.